పొన్నుకర్ర నుంచి వాకరు దాకా

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నారు పెద్దలు. మన సంఘ సభ్యులలో చాలామంది ఈ రెండు పరీక్షలూ ప్యాసైనవారే. ప్రావిడెంటు ఫండు అప్పు, హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు, ఇల్లాలి మెడలోని నాలుగు కాసుల బంగారం కలిపి ఇల్లు కట్టాం. ఆ ఇంటి ముందే పందిరి వేసి పిల్లల పెళ్లిళ్లు చేశాం. కాని మూడో పరీక్ష ఒకటుంది. కట్టిన ఇంట్లో ముసలితనం గడపడం. నలభై ఏళ్ల వయసులో మేస్త్రీ పక్కన నిలబడి వేయించుకున్న మెట్టు డెబ్బై అయిదేళ్లకు కొండ అవుతుందని అప్పుడు ఎవరికి తోచింది?

డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. కరువు భత్యం బకాయిల మీద రాసేవారు ఎలాగూ ఉంటారు. అందుకని నేను ఇంట్లో మనం పట్టుకునే, ఆనుకునే, కూర్చునే వస్తువుల చరిత్ర ఎంచుకున్నాను. చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని రాత్రి రెండు గంటలకు మంచం దిగి, స్నానాలగదికి వెళ్లి, క్షేమంగా తిరిగి వచ్చి పడుకోవడం కంటే మన వయసులో పెద్ద విషయం ఏముంది?

పాత ఇల్లు – పది చేతులు

నా చిన్నతనం 1950లలో గోదావరి ప్రాంతంలో ఒక మండువా లోగిలిలో గడిచింది. నేటి కొలతలతో చూస్తే అది ముసలివాళ్లకు ఏమాత్రం పనికిరాని ఇల్లు. వీధి అరుగు ఎక్కడానికి నాలుగు మెట్లు. ప్రతి ద్వారానికీ జానెడు ఎత్తు గడప. మండువాలోకి దిగాలి, మళ్లీ ఎక్కాలి. నుయ్యి పెరట్లో, దొడ్డి అంతకంటే దూరంలో. వంట నేలమీద, భోజనం పీటమీద, పడక నులకమంచం మీద. అయినా మా తాతగారు ఎనభై దాటాక కూడా ఆ ఇంట్లో దర్జాగా బతికారు.

ఆయనకూ సాధనాలు ఉండేవి. ఇత్తడి పొన్ను వేసిన చేతికర్ర ఉండేది. అది నేలకు తగిలిన చప్పుడు వింటే పిల్లలం పుస్తకాలు తీసేవాళ్లం. వసారాలో వాలుకుర్చీ. మంచం పక్కన దూలానికి కట్టిన మోకు ముక్క. దాన్ని పట్టుకుని లేచి కూర్చునేవారు. నేటి ఆసుపత్రి మంచానికి పైనుంచి వేలాడే పట్టు చేసే పని కూడా అదే. తలాపున మరచెంబు, మంచం కింద తమ్మపడిగ. పళ్లు ఊడిన మా నాయనమ్మకు ఆకూ వక్కా దంచుకోవడానికి అరచేతిలో ఇమిడే ఇత్తడి రోలు ఉండేది.

అయితే ఆ ఇల్లు నడిచింది ఈ వస్తువులవల్ల కాదు, మనుషుల చేతులవల్ల. నీళ్లు కాచి తొట్టి నింపేది కోడలు. వీపు రుద్దేది మనవడు. చీకట్లో దొడ్డిదాకా లాంతరు పట్టుకు నడిచేది పాలేరు. శ్రవణకుమారుడి కావడి కథ మనందరికీ తెలుసు. వృద్ధుల కోసం చేసిన వాహనాల్లో మనవాళ్ల మనసులో మొదటిది అదే. కాని ఆ కథ చెప్పేటప్పుడు కావడి మోసిన భుజం ఎంత నొచ్చిందో ఎవరూ అడగరు.

నేను అడుగుతాను, ఎందుకంటే మా అమ్మ నడుము నలభై అయిదేళ్లకే వంగిపోయింది. చేదబావి, కాగు, రోలు, అత్తమామల స్నానాలు – అన్నీ ఆ నడుము మీదనే. ఇక మరుగుదొడ్లు ఎత్తే పనిని తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన వేశాం. దానిని నిషేధించే చట్టం 1993లో గాని రాలేదు. అదీ చాలక 2013లో మరో చట్టం చేయవలసి వచ్చింది. కాబట్టి పాత రోజులు బంగారు రోజులని నేను అనలేను. ఇతరుల చేతుల మీద నడిచిన రోజులవి. ఇవాళ ఆ చేతులు లేవు. పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్నారు. వాళ్ల తప్పు కాదు. ఉద్యోగాలు చేయమని పంపింది మనమే. ఆ చేతులు చేసిన పనిలో కొంతైనా ఇక వస్తువులు చేయాలి.

రాజుగారి కుర్చీ, గడియారాల పనివాని కుర్చీ

ఈ వస్తువులు ఎవరు కనిపెట్టారని చదువుతూ పోతే నాకు ఒక విశేషం కనిపించింది. 1595లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ కోసం చక్రాల కుర్చీ చేశారు. రాజుగారికి కీళ్లవాతం. వీపు వాలడానికి, కాళ్లు చాపుకోవడానికి అందులో ఏర్పాటు ఉంది. కాని కుర్చీని తోయడానికి నౌకరు ఉండవలసిందే. అరవై ఏళ్ల తర్వాత, 1655లో, జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో స్టీఫన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాల పనివాడు తన కోసం ఒక బండి చేసుకున్నాడు. అతనికి కాళ్లు పనిచేయవు. చేతితో పిడి తిప్పితే పళ్లచక్రాలు తిరిగి బండి కదులుతుంది. రాజుకు చేతకానిది పనివాడికి సాధ్యమైంది. ఎవరినీ పిలవకుండా గుమ్మం దాటాడు.

తర్వాతి కథలూ ఇలాంటివే. అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ దూరానికి ఒక జోడు, దగ్గరకు ఒక జోడు మార్చుకోలేక విసిగి, రెండు అద్దాలనూ సగం సగం కోయించి ఒకే ఫ్రేములో పెట్టించుకున్నాడు. 1784 నాటి ఆయన ఉత్తరంలో ఆ ప్రస్తావన ఉంది. మనం ఫైళ్లు చూసిన బైఫోకల్ అద్దాలు అవే. 1786లో, ఎనభై ఏళ్ల వయసులో, పై అరలోని పుస్తకాలు అందుకోవడానికి కర్ర చివర రెండు వేళ్లలాంటి పట్టు పెట్టి మరో సాధనం చేసుకున్నాడు. కిందపడిన వస్తువును వంగకుండా తీసుకోవడానికి ఇవాళ దుకాణాల్లో అమ్మే చేతికర్ర దాని వారసురాలే.

మడత పెట్టే చక్రాల కుర్చీ 1933లో అమెరికాలో తయారైంది. హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే గని ఇంజనీరు 1918లో ప్రమాదంలో నడుము దెబ్బతిని నడవలేకపోయాడు. అప్పటి కుర్చీలు బరువు, కారులో పట్టవు. హ్యారీ జెన్నింగ్స్ అనే ఇంజనీరు మిత్రుడితో కలిసి ఉక్కు గొట్టాలతో మడతకుర్చీ తయారుచేశాడు. ఇప్పుడు ప్రతి ఆసుపత్రి వరండాలోనూ కనిపించేది ఆ నమూనాయే. నాలుగు కాళ్ల వాకరుకు ఇంగ్లండుకు చెందిన విలియం క్రిబ్స్ రాబ్ 1949లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. దానికి చక్రాలు, బ్రేకులు అమర్చిన రూపాన్ని 1978లో స్వీడన్‌లో ఐనా విఫాల్క్ అనే ఆమె రూపొందించింది. పోలియో వల్ల ఆమె నడక దెబ్బతిన్నది.

గమనించారా? వీరిలో చాలామంది స్వయంగా బాధపడినవారు. ఎక్కడ పట్టు కావాలో, ఎంత ఎత్తు కావాలో వారికి తమ ఒంటితో తెలుసు. చేతికర్రలూ వాకర్లూ ఎవరో దయతలచి ఇచ్చినవని మనం అనుకుంటాం. నిజానికి అవి అవసరం ఉన్నవారు తమ కోసం తాము చేసుకున్న పనిముట్లు. వీటిని వాడడానికి సిగ్గుపడవలసింది ఏముంది?

మన నేల, మన అలవాట్లు

విదేశాల వస్తువు వచ్చినంత మాత్రాన మన ఇంట్లో ఇమడదు. అక్కడివారు బూట్లు తొడిగి, కుర్చీలో కూర్చుని, పొడినేల మీద తిరుగుతారు. మనం చెప్పులు గుమ్మం బయట వదిలి, నేలమీద బాసిపట్లు వేసి, చెంబుతో నీళ్లు కుమ్మరించుకుంటాం.

ఈ తేడాను గుర్తించి చేసిన వస్తువుకు మన దేశంలో గొప్ప ఉదాహరణ జైపూర్ పాదం. 1968లో జైపూరులో రామ్‌చంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ మొదలైనవారు కలిసి దానిని రూపొందించారు. రబ్బరుతో చేసిన ఆ పాదంతో ఉత్తకాళ్లతో నడవవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, పొలంలో దిగవచ్చు. సేథీ గారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. కాలు పోయినవాడి రోజు ఎలా గడుస్తుందో చూసి పాదం చేశారు గాని, పాదం చేసి రోజును మార్చుకోమనలేదు. ఇంట్లో చేసే ప్రతి మార్పుకూ ఈ సూత్రమే వర్తిస్తుంది.

ప్రభుత్వరంగంలో కృత్రిమ అవయవాలు, చక్రాల కుర్చీలు చేసే సంస్థ, అలింకో అని పిలిచేది, 1972లో కాన్పూరులో ఏర్పడి 1976లో ఉత్పత్తి మొదలుపెట్టింది. వినికిడి విషయానికి వస్తే, ట్రాన్సిస్టరు పెట్టిన చెవి మిషను 1952 చివరలో అమెరికాలో మార్కెట్టుకు వచ్చింది. అంతకుముందు బ్యాటరీల మూటను ఒంటికి కట్టుకోవలసి వచ్చేది. మన దేశంలో వినికిడి లోపాల కోసం జాతీయ సంస్థ 1983లో బొంబాయిలో వెలసింది. దానికి హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరుగా, తర్వాత మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. సికిందరాబాదు మనోవికాస్‌నగర్‌లో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది.

మన తెలుగునేలకు సంబంధించిన మరో సంగతి. వృద్ధులకు ఉచితంగా సాధనాలు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను కేంద్ర ప్రభుత్వం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభించింది. అరవై దాటిన పేదవారికి చేతికర్ర, వాకరు, చక్రాల కుర్చీ, చెవి మిషను, కళ్లజోడు, కట్టుడు పళ్లు ఇవ్వడం దీని ఉద్దేశం. పింఛను అందుకునే మనలో ఎక్కువమందికి ఇది వర్తించదు. కాని మన ఇంట్లో ఇరవై ఏళ్లు అంట్లు తోమిన ముసలమ్మకు వర్తించవచ్చు. ఆమె దరఖాస్తు నింపిపెట్టడం గుమాస్తాలుగా బతికిన మనకు చేతకాని పనా?

మనం కట్టిన ఇళ్లు

పాత ఇళ్లలో నేల గరుకు. పేడ అలికిన మన్ను, తర్వాత సిమెంటు గచ్చు. మన తరం తాండూరు బండలు, కడప బండలు, మొజాయిక్ వేయించింది. ఆ తర్వాత అద్దంలా మెరిసే టైల్స్ వచ్చాయి. ఇల్లు చూడడానికి వచ్చినవారు మెచ్చుకున్నారు. తడి పడితే ఆ నేల మంచుగడ్డే. మన సంఘంలో తుంటి ఎముక విరిగి మంచం పట్టిన వారిని ఒకసారి గుర్తుచేసుకోండి. ఎక్కువమంది పడింది రోడ్డు మీద కాదు, తమ సొంత స్నానాలగదిలో.

మరుగుదొడ్డి కథ కూడా అంతే. 2011 జనాభా లెక్కల్లో కూడా దేశంలో ఆవరణలో మరుగుదొడ్డి ఉన్న ఇళ్లు నూటికి 46.9 మాత్రమే. కాబట్టి కమోడు గురించి మాట్లాడగలగడమే ఒక భాగ్యం. నేలబారు దొడ్డికి అలవాటుపడిన మనవారు కమోడును చాలాకాలం అంటరానిదిగా చూశారు. మధ్యేమార్గంగా ఆంగ్లో ఇండియన్ రకం వచ్చింది. పైన గొంతుక్కూర్చోవచ్చు, కావాలంటే కుర్చీలా కూర్చోవచ్చు. ఆచారం తెలిసిన అత్తగారూ, మోకాళ్లనొప్పుల మామగారూ ఒకే గదిని వాడుకోగలిగారు. చివరకు అందరికీ కమోడు నేర్పింది ఫ్యాషను కాదు, మోకాలు.

1987లో ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. ఊళ్లల్లో సొంత ఇళ్లు అమ్మి ఫ్లాట్లలోకి మారినవారు మనలో ఉన్నారు. గడపలు తగ్గాయి, లిఫ్టు వచ్చింది. కరెంటు పోయిన పూట మూడో అంతస్తు వారికి ఇల్లే జైలు. ఇక ఇంటి ముందు వేసే ర్యాంపు సంగతి చూడండి. మన వీధుల్లో ర్యాంపులేని ఇల్లు అరుదు. కాని అవన్నీ స్కూటరు ఎక్కించడానికి వేసినవి. నిటారుగా ఉంటాయి. వాటి మీద మనిషి నడిస్తే జారిపడతాడు. మనిషి కోసమైతే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని కొలత. అంటే ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల వాలు. వికలాంగుల హక్కులకు 1995లో ఒక చట్టం, 2016లో మరింత విస్తృతమైన చట్టం వచ్చాయి. వాటి దృష్టి ముఖ్యంగా పదిమందీ వచ్చిపోయే భవనాల మీద. సొంత ఇంటికి ఇన్‌స్పెక్టరు రాడు. అక్కడ చట్టమూ మనమే, అమలూ మనమే.

బీరువాలో మిషను, అటక మీద కుర్చీ

వస్తువు కొన్నంత మాత్రాన సరిపోదని మన సభ్యుల ఇళ్లకు వెళ్లివస్తుంటే తెలుస్తుంది. సూపరింటెండెంటుగా రిటైరైన ఒక మిత్రుడు కర్ర పట్టుకుంటే ముసలివాడంటారని ఎండాకాలం, చలికాలం తేడా లేకుండా గొడుగు పట్టుకు తిరిగేవారు. గొడుగు కొనకు రబ్బరు ఉండదు. ఒకనాడు బ్యాంకు మెట్ల మీద అది జారింది. దెబ్బ మానాక కర్ర కొన్నారు. మరొకరి చెవి మిషను బీరువాలో పట్టుబట్టల మధ్య భద్రంగా ఉంటుంది. “పెళ్లిళ్లకు పెట్టుకుంటానండీ” అంటారు. ఇంట్లో భార్య ఏం చెబుతోందో వినడానికి పనికిరాదా అని అడిగితే నవ్వేశారు. ఆమె నవ్వలేదు.

ఇంకొక ఇంట్లో కుమారుడు అమెరికానుంచి సెలవు మీద వచ్చి, వారం రోజుల్లో తల్లికి అన్నీ అమర్చి వెళ్లాడు. మంచి మనసుతోనే చేశాడు. చక్రాల కుర్చీ, మీట నొక్కితే లేచే మంచం, గోడకు తెరలాంటి టీవీ. కుర్చీ స్నానాలగది తలుపులో పట్టలేదు. మన ఇళ్లలో ఆ తలుపు రెండడుగులకు అటూ ఇటూగా ఉంటుంది. కుర్చీ అంతకంటే వెడల్పు. కొన్నాళ్లు దాని మీద బట్టలు ఆరేసి, తర్వాత అటక ఎక్కించారు. “మీకేం కావాలమ్మా?” అని నేను అడిగాను. ఆవిడ తడుముకోకుండా చెప్పారు: “దేవుడి గదిలో కూర్చుంటే లేవలేకపోతున్నానండీ. గోడకు ఏదైనా పట్టు ఉంటే చాలు.” వీధి చివర వెల్డింగు షాపు కుర్రవాడు ఒక పూటలో బిగించి వెళ్లాడు. ఇప్పుడు ఆవిడ రోజూ దీపం పెట్టుకుంటున్నారు.

ఆ ఇంట్లో డబ్బుకు లోటు లేదు, ప్రేమకు లోటు లేదు. అడగడం ఒక్కటే జరగలేదు. ఇది పిల్లలు చదువుతారని రాస్తున్నాను. అమ్మానాన్నలకు ఏదైనా కొనే ముందు ఒక పూట వారి వెనక నడవండి. ఎక్కడ గోడ పట్టుకుంటున్నారో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటున్నారో చూడండి. గోడ మీద చేతి జిడ్డు మరక ఉన్నచోటే కమ్మీ కావాలి. అలాగే మనమూ నోరు తెరిచి చెప్పాలి. “నాకేం, బాగానే ఉన్నాను” అని ఫోనులో చెప్పడం మన తరానికి అలవాటు. ఆ మాట వల్ల పిల్లలకు నిశ్చింత కలుగుతుందేమో గాని, నేల గరుకెక్కదు.

చేయదగినవి

కొన్ని పనులకు పెద్ద ఖర్చు లేదు. స్నానాలగదిలో, కమోడు పక్కన, గోడలోకి గట్టిగా దిగిన బోల్టులతో కమ్మీలు వేయించాలి. తువ్వాలు వేసుకునే రాడ్డు మనిషి బరువు ఆపదు. చాలామంది దానినే పట్టుకుంటారు, దానితోపాటే కింద పడతారు. స్నానాలగది తలుపు బయటికి తెరుచుకుంటే మంచిది. లోపల పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపును మన ఒళ్లే అడ్డుకుంటుంది. గడియ బయటినుంచి కూడా తీయగలిగేది ఉండాలి. స్నానానికి జారని కాళ్లున్న ఎత్తుపీట, నేలకు గరుకు టైల్స్ లేదా రబ్బరు చాప ఉండాలి. మంచం నుంచి స్నానాలగదిదాకా రాత్రంతా చిన్న బల్బు వెలగాలి.

చేతికర్ర ఎత్తు, చేయి కిందికి వేలాడేస్తే మణికట్టు మడత దగ్గరకు రావాలి. నొప్పి కుడి మోకాలిలో ఉంటే కర్ర ఎడమచేతిలో పట్టాలి. కర్ర అడుగు రబ్బరు అరిగితే వెంటనే మార్చాలి. దాని ఖరీదు రెండు కాఫీలు. గడప తీసేయడానికి మనసొప్పకపోతే, పసుపు కుంకుమలతో పాటు దాని అంచున చీకట్లో కూడా కనిపించే తెల్లరంగు పట్టీ వేయండి. లక్ష్మీదేవికి అభ్యంతరం ఉండదు.

సెల్‌ఫోను కూడా ఇప్పుడు ఇంటి సాధనమే. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో వచ్చాక లైఫ్ సర్టిఫికెట్టు కోసం ట్రెజరీ మెట్లెక్కే బాధ చాలామందికి తప్పింది. వృద్ధుల సహాయవాణి 14567 నంబరును పెద్ద అక్షరాలతో రాసి ఫోను దగ్గర అంటించుకోండి.

చివరిగా ఒక మాట. మనం డిసెంబరు 17ను జరుపుకోవడానికి కారణం 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. పింఛను యజమాని దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు తేల్చింది. పింఛను విషయంలో తలెత్తుకు మాట్లాడే మనం, పట్టుకునే కమ్మీ విషయంలో ఎందుకు గొణుక్కోవాలి? మన సంఘం కార్యాలయానికే అయిదు మెట్లు ఉన్నాయి, ఒక్క కమ్మీ లేదు. మోకాళ్లనొప్పులున్న సభ్యులు, ముఖ్యంగా కుటుంబ పింఛను తీసుకునే ఆడవారు, సమావేశాలకు రావడం మానేయడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. రాబోయే సర్వసభ్య సమావేశంలో రెండు వైపులా కమ్మీలు వేయించాలని నేను తీర్మానం పెడుతున్నాను. బలపరిచేవారు కింద కుర్చీలో కూర్చునే చెయ్యెత్తవచ్చు. మెట్లెక్కి రానక్కరలేదు.